గెటిస్‌బర్గ్‌లో ఆజ్ఞ ఎవరిది? అంతర్యుద్ధ సైన్యాల నిర్మాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు అందరినీ కలిపి చూస్తే అతి పెద్ద నష్టం జరిగిన యుద్ధం గెటిస్‌బర్గ్. 1863 జూలై 1, 2, 3 తేదీల్లో పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊరి చుట్టూ జరిగింది. దాని గురించి చదవడం మొదలుపెట్టినవారిలో చాలామంది కోర్, డివిజన్, బ్రిగేడ్ అనే మాటలు వరసగా వచ్చేసరికి ఆగిపోతారు. పొద్దున డివిజన్ నడిపిన మనిషి సాయంత్రానికి కోర్ నడుపుతూ కనిపిస్తే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఈ నిర్మాణం తెలియకుండా ఆ యుద్ధం అర్థం కాదని నా గట్టి నమ్మకం. పై అధికారి నేలకూలినప్పుడు, ఆజ్ఞ అందనప్పుడు, అందినా అస్పష్టంగా ఉన్నప్పుడు కింది అధికారి ఏం చేశాడన్నదే ఆ మూడు రోజుల కథ. కింది ప్రశ్నలన్నీ ఏదో ఒక దారిలో అక్కడికే చేరతాయి.

తలపడిన సైన్యాలు ఏవి?

యూనియన్ (ఉత్తరాది) తరఫున పోటోమాక్ సైన్యం, సుమారు 94,000 మంది. సేనాధిపతి మేజర్ జనరల్ జార్జి గోర్డన్ మీడ్. కాన్ఫెడరేట్ (దక్షిణాది) తరఫున ఉత్తర వర్జీనియా సైన్యం, సుమారు 72,000 మంది. సేనాధిపతి జనరల్ రాబర్ట్ ఇ. లీ. ఉత్తరాదివారు తమ సైన్యాలకు ఎక్కువగా నదుల పేర్లు పెట్టేవారు, దక్షిణాదివారు ప్రాంతాల పేర్లు పెట్టేవారు.

ఇరుపక్షాలకూ ఇవి ఉన్న సైన్యాల్లో ఒక్కొక్కటి మాత్రమే. అదే సమయంలో మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్‌ను గ్రాంట్ నడిపే మరో యూనియన్ సైన్యం ముట్టడించి ఉంది. ఆ కోట జూలై 4న లొంగిపోయింది. మీడ్ పైన వాషింగ్టన్‌లో ప్రధాన సేనాపతి హెన్రీ హాలెక్, యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్, అందరికీ పైన అధ్యక్షుడు లింకన్ ఉన్నారు. లీ నేరుగా కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు జవాబుదారీ.

సైన్యంలోని అంచెలు ఏమిటి?

కింది నుంచి మొదలుపెడదాం. కాగితం మీద కంపెనీ అంటే దాదాపు వందమంది. కెప్టెన్, ఇద్దరు లెఫ్టినెంట్లు, అయిదుగురు సార్జెంట్లు, ఎనిమిది మంది కార్పొరల్స్, మిగతావారు సిపాయిలు. పది కంపెనీలు కలిస్తే ఒక రెజిమెంట్. దాన్ని కల్నల్ నడిపిస్తాడు, ఆయన కింద లెఫ్టినెంట్ కల్నల్, మేజర్ ఉంటారు. నాలుగైదు రెజిమెంట్లు ఒక బ్రిగేడ్, రెండు నుంచి అయిదు బ్రిగేడ్లు ఒక డివిజన్, రెండు మూడు డివిజన్లు ఒక కోర్. కోర్లన్నీ కలిస్తే సైన్యం.

సిపాయి గుండె రెజిమెంట్‌తోనే ముడిపడి ఉండేది. ఇంటికి రాసే ఉత్తరంలో తన రెజిమెంట్ పేరు గర్వంగా రాసుకునేవాడు. యుద్ధరంగంలో పొగ కమ్మి, మోతకు మాట వినపడనప్పుడు అతడు చూసేది తన రెజిమెంట్ జెండానే. జెండా ముందుకు కదిలితే వరస కదిలింది, జెండా ఆగితే వరస ఆగింది. అందుకే జెండా పట్టినవాడి మీదే తూటాలు ఎక్కువగా కురిసేవి. ఒకడు పడిపోతే ఇంకొకడు అందుకునేవాడు. ఆ పని అడిగి మరీ తీసుకున్నవాళ్ళ ధైర్యం ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది.

జనరల్స్ ఆలోచించేది మాత్రం బ్రిగేడ్, డివిజన్ల లెక్కన. యుద్ధ పటాల మీద కనిపించే చిన్న చిన్న దిమ్మెలు ఎక్కువగా బ్రిగేడ్లే.

రెజిమెంట్‌లో నిజంగా వెయ్యిమంది ఉండేవారా?

చేరిన రోజున ఉండేవారు. 1863 నాటికి రోగాలు, యుద్ధాలు, పారిపోవడాలు కలిసి చాలా రెజిమెంట్లను మూడు నాలుగు వందలకు తగ్గించేశాయి. ఇరవయ్యో మెయిన్ రెజిమెంట్ సుమారు 386 మందితో గెటిస్‌బర్గ్‌కు వచ్చింది. ఒకటో మిన్నెసోటా రెజిమెంట్ జూలై 2 సాయంత్రం చేసిన ప్రసిద్ధ దాడిలో పాల్గొన్నది 262 మందే.

పాత రెజిమెంట్లను కొత్తవారితో నింపకుండా రాష్ట్రాలు కొత్త రెజిమెంట్లు పుట్టిస్తూ పోయాయి. కొత్త రెజిమెంట్ అంటే కొత్త కల్నల్ పదవి, కొత్త కెప్టెన్ పదవులు. గవర్నర్లకు పంచిపెట్టడానికి అవి అక్కరకొచ్చేవి. విస్కాన్సిన్ లాంటి రాష్ట్రం పాత రెజిమెంట్లకే మనుషులను పంపింది. అలాంటి చోట కొత్తవాడు అనుభవజ్ఞుల పక్కన నిలబడి వారంలో పని నేర్చుకునేవాడు. మిగతా చోట్ల కొత్త రెజిమెంట్ అంతా ఒకేసారి, రక్తం చిందించి నేర్చుకోవాల్సి వచ్చేది. పదవుల పంపకానికి సిపాయిలు ప్రాణాలతో వెల చెల్లించారు. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అధికారులను ఎవరు నియమించేవారు?

రెజిమెంట్‌ను లేపేది రాష్ట్రం కాబట్టి కల్నల్ దాకా నియామక పత్రాలు గవర్నర్ ఇచ్చేవాడు. యుద్ధం తొలినాళ్ళలో చాలా కంపెనీల్లో సిపాయిలే ఓటు వేసి కెప్టెన్‌ను, లెఫ్టినెంట్లను ఎన్నుకున్నారు. జనరల్ హోదా మాత్రం అధ్యక్షుడు ఇవ్వాలి, సెనేట్ ఆమోదించాలి. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివినవారి పక్కనే న్యాయవాదులు, ప్రొఫెసర్లు, రాజకీయ నాయకులు జనరల్స్‌గా నిలబడటం ఈ పద్ధతి ఫలితమే.

రెండు సైన్యాల్లోనూ కోర్ అంటే ఒకటేనా?

పేరు ఒకటే, పరిమాణం వేరు. ఇది తెలియక చాలామంది లెక్క తప్పుతారు. మీడ్ కింద ఏడు పదాతి కోర్లు, ఒక అశ్విక కోర్, విడిగా ఒక రిజర్వు ఫిరంగిదళం ఉండేవి. లీ కింద మూడే కోర్లు: లాంగ్‌స్ట్రీట్‌ది, యూవెల్‌ది, ఎ.పి. హిల్‌ది. లీ కోర్ ఒక్కోదానిలో ఇరవై వేలకు పైనే; మీడ్ కోర్లలో చాలావాటిలో పదివేల అటూ ఇటూ. యూనియన్ పక్షాన పంతొమ్మిది పదాతి డివిజన్లుంటే కాన్ఫెడరేట్ పక్షాన తొమ్మిదే. ఒక కాన్ఫెడరేట్ డివిజన్ వచ్చి పడిందంటే యూనియన్ కోర్‌కు దాదాపు సమానమైన బలం వచ్చి పడినట్టే.

రెండు పద్ధతుల్లోనూ ఇబ్బంది ఉంది. మీడ్ ఎనిమిది మంది కోర్ అధిపతులతో నేరుగా మాట్లాడాలి. లీ ముగ్గురితో, అశ్వికదళాధిపతి స్టూవర్ట్‌తో మాట్లాడితే చాలు, కానీ ఆ ముగ్గురిలో ఒక్కడు తడబడితే సైన్యంలో మూడో వంతు తడబడినట్టే. పైగా యూవెల్, హిల్ ఇద్దరూ ఆ స్థాయికి కొత్తవారు. మే నెలలో చాన్సలర్స్‌విల్ యుద్ధంలో లీ కోర్ అధిపతి స్టోన్‌వాల్ జాక్సన్ గాయపడి మే 10న చనిపోయాక, లీ రెండు కోర్లను మూడుగా విడదీశాడు. ఆ కొత్త అమరికకు ఇదే మొదటి పెద్ద పరీక్ష.

హోదాల లెక్క ఎందుకంత గందరగోళంగా ఉంటుంది?

కాన్ఫెడరేట్ పద్ధతి సూటిగా ఉండేది: బ్రిగేడ్‌కు బ్రిగేడియర్ జనరల్, డివిజన్‌కు మేజర్ జనరల్, కోర్‌కు లెఫ్టినెంట్ జనరల్, సైన్యానికి జనరల్. ఈనాటి భారత సైన్యంలో కోర్‌కు లెఫ్టినెంట్ జనరల్, డివిజన్‌కు మేజర్ జనరల్ ఉండటం తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

యూనియన్ పక్షాన 1863లో మేజర్ జనరల్‌ను మించిన హోదా ఎవరికీ లేదు. సేనాధిపతి మీడ్, ఆయన కింది కోర్ అధిపతులు, కొందరు డివిజన్ అధిపతులు కూడా మేజర్ జనరల్సే. అప్పుడు ఎవరు ఎవరికి పై అధికారి? నియామక పత్రం మీద తేదీ ఎవరిది ముందైతే వారు. ఇద్దరు జనరల్స్ ఒక గుట్ట మీద కలిస్తే ముందు తేలాల్సింది అదే. పన్నెండో కోర్ అధిపతి స్లోకమ్ తేదీ ప్రకారం మీడ్ కంటే పెద్దవాడు. అయినా మీడ్ నియామకాన్ని ఒప్పుకుని ఆయన కింద పనిచేశాడు. తేదీలతో నిమిత్తం లేకుండా ఎవరినైనా ఏ స్థానంలోనైనా పెట్టే అధికారాన్ని వాషింగ్టన్ మీడ్‌కు ఇచ్చింది. ఆయన దాన్ని యుద్ధం మొదటి రోజే వాడాడు.

మీడ్‌కు సైన్యం ఎప్పుడు అప్పజెప్పారు?

జూన్ 28న, అంటే యుద్ధానికి మూడు రోజుల ముందు. తెల్లవారకముందే వాషింగ్టన్ నుంచి వచ్చిన అధికారి ఆయన్ను నిద్రలేపి, హుకర్ స్థానంలో సేనాధిపతివి నువ్వేనన్న ఉత్తర్వు అందించాడు. అప్పటివరకు ఆయన అయిదో కోర్ అధిపతి. హుకర్ కాలపు సిబ్బంది ప్రధానాధికారి బటర్‌ఫీల్డ్‌ను కూడా ఆయన వెంటనే మార్చలేకపోయాడు.

మూడు రోజుల్లో కొత్త సేనాధిపతి తన సొంత యంత్రాంగాన్ని తయారు చేసుకోలేడు. ఉన్నదాన్నే నమ్ముకున్నాడు. దూరంగా ఉన్న చోట తన కళ్ళుగా పనిచేసే మనుషులను ఎంచుకున్నాడు: రెనాల్డ్స్, హాన్‌కాక్, వారెన్, హంట్. నా దృష్టిలో మీడ్ గొప్పతనం ఆ ఎంపికలోనే ఉంది.

జూలై 1న యూనియన్ పక్షాన ఆజ్ఞ ఎవరి చేతిలో ఉంది?

ఒక్కరోజులో అది ఎన్ని చేతులు మారిందో చూడండి.

ఉదయం జాన్ బ్యూఫోర్డ్ తన అశ్విక డివిజన్‌లోని రెండు బ్రిగేడ్లతో ఊరికి పడమర గట్ల మీద గుర్రాలు దిగి నిలబడ్డాడు. కాన్ఫెడరేట్ల హెత్ డివిజన్ వచ్చి పడితే ఆలస్యం చేయడం ఆయన పని. ఒకటో, మూడో, పదకొండో కోర్లు మూడింటినీ ఒక పక్షంగా, అంటే సైన్యపు ఒక రెక్కగా, నడపమని మీడ్ రెనాల్డ్స్‌కు అప్పగించి ఉన్నాడు. రెనాల్డ్స్ ఒకటో కోర్‌తో వచ్చి, ఐరన్ బ్రిగేడ్‌ను అడవి అంచుకు పంపుతుండగా తూటా తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఒకటో కోర్ పగ్గాలు డబుల్‌డేకు వెళ్ళాయి. పదకొండో కోర్‌తో వచ్చిన హోవార్డ్ అక్కడున్నవారిలో పెద్దవాడు కాబట్టి మొత్తం రంగం ఆయనది. ఆయన కోర్‌ను కార్ల్ షుర్జ్ తీసుకున్నాడు. షుర్జ్ డివిజన్‌ను ఇంకొకరు తీసుకున్నారు.

రెనాల్డ్స్ మరణవార్త సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో టానీటౌన్‌లో ఉన్న మీడ్‌కు మధ్యాహ్నం చేరింది. ఆయన రెండో కోర్ అధిపతి హాన్‌కాక్ చేతికి రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి పంపాడు: వెళ్ళి అక్కడి బలగాలన్నింటినీ తీసుకో, నేల యుద్ధానికి అనువైనదో కాదో చెప్పు. హాన్‌కాక్ తేదీ ప్రకారం హోవార్డ్ కంటే చిన్నవాడు. అప్పటికి రెండు కోర్లూ చితికి ఊరి వీధుల గుండా సిమెట్రీ కొండకు వెనక్కి వస్తున్నాయి. హోవార్డ్ తన పెద్దరికం గుర్తు చేశాడు. హాన్‌కాక్ ఆ వాదనలో ఎక్కువసేపు కూరుకుపోకుండా పని పంచుకుని వరసలు నిలబెట్టాడు, కల్ప్స్ కొండ మీదికి మనుషులను పంపాడు, ఇక్కడ నిలబడి పోరాడవచ్చని మీడ్‌కు కబురు చేశాడు. సాయంత్రానికి స్లోకమ్ వచ్చాడు. పెద్దవాడు కాబట్టి రంగం ఆయనకు దక్కింది. అర్ధరాత్రి ప్రాంతంలో మీడ్ స్వయంగా చేరాడు.

ఇన్ని మార్పుల్లోనూ గొలుసు తెగలేదు. ఓడిపోయిన రోజున సైన్యం చెల్లాచెదురు కాకుండా ఒక కొండ మీద పట్టు చిక్కించుకున్నదంటే, ప్రతి మెట్టు మీదా తర్వాతి మనిషి సిద్ధంగా ఉండటమే కారణం.

అదే సాయంత్రం కాన్ఫెడరేట్లు సిమెట్రీ కొండను ఎందుకు పట్టుకోలేదు?

వీలు కనిపిస్తే ఆ కొండను తీసుకోమని, కానీ మిగతా డివిజన్లు వచ్చేవరకు పూర్తిస్థాయి యుద్ధానికి దిగవద్దని లీ యూవెల్‌కు కబురు పంపాడు. ఒకే ఆజ్ఞలో ముందుకు పొమ్మన్న మాట, ఆగమన్న మాట రెండూ ఉన్నాయి. యూవెల్ చుట్టూ చూశాడు: అలసిన బ్రిగేడ్లు, కొండ మీద ఫిరంగులు, ఎడమ పక్కన శత్రువులున్నారన్న వదంతి, హిల్ నుంచి సాయం లేదన్న జవాబు. ఆగిపోయాడు.

తరాల తరబడి ఈ నింద యూవెల్ మీదే వేశారు. నేను ఒప్పుకోను. ఇలాంటి ఆజ్ఞలు జాక్సన్‌తో పనిచేశాయి; ఆయనకు వివరం అక్కర్లేదు, ఉద్దేశం చెబితే చాలు. మనిషి మారాడు, లీ ఆజ్ఞ ఇచ్చే తీరు మారలేదు. కొత్త కోర్ అధిపతికి ఏం కావాలో తేల్చి చెప్పాల్సిన బాధ్యత లీదే.

ఆజ్ఞలు ఎలా చేరేవి?

ఎక్కువగా గుర్రం మీద. ప్రతి జనరల్ వద్దా కొందరు యువ అధికారులు ఉండేవారు. కాగితం ముక్కనో, నోటి మాటనో పట్టుకుని తూటాల మధ్య దౌడు తీయడం వారి పని. వారు తోవ తప్పవచ్చు, చనిపోవచ్చు, మాటను మార్చి చెప్పవచ్చు. కొండల మీది నుంచి జెండాలు ఊపుతూ అక్షరాలు పంపే సంకేత దళం ఉండేది. లిటిల్ రౌండ్ టాప్ మీద అలాంటి కేంద్రమే ఉండటం వల్ల జూలై 2న లాంగ్‌స్ట్రీట్ దళాలు కనపడకుండా ఉండాలని తిరిగి వేరే దారి పట్టి ఎంతో సమయం పోగొట్టుకున్నాయి. టెలిగ్రాఫ్ తీగలు దూరపు నగరాలతో మాట్లాడటానికే తప్ప పోరాటం మధ్యలో పనికిరాలేదు. వరసల్లోని సిపాయిలకు డోలు, బ్యూగిల్ మోతలే ఆజ్ఞ.

మీడ్ మకాం లిడియా లీస్టర్ అనే వితంతువు చిన్న ఇంట్లో, సిమెట్రీ గట్టుకు కొంచెం వెనక. ఆయన సైన్యం గాలం ఆకారంలో వంగి ఉండటం వల్ల లోపలి దారులు పొట్టివి. దూత త్వరగా వెళ్ళి రాగలడు. లీ సైన్యం ఆ వంపుకు బయటి వైపు చాలా దూరం పరుచుకుని ఉంది. జూలై 2న పోరాటం సాగినంతసేపూ లీ ఒక్క సందేశం పంపి, ఒక్క నివేదిక అందుకున్నాడని అక్కడున్న బ్రిటిష్ అధికారి ఫ్రీమాంటిల్ రాశాడు.

సికిల్స్ ఆజ్ఞను ధిక్కరించాడా?

అవును. డేనియల్ సికిల్స్ న్యూయార్క్ రాజకీయ నాయకుడు, మూడో కోర్ అధిపతి. సిమెట్రీ గట్టు దక్షిణ కొసన లిటిల్ రౌండ్ టాప్ దాకా నిలబడమని ఆయనకు చెప్పారు. ఎదురుగా పీచ్ తోట ఉన్న చోటు తన నేల కంటే ఎత్తుగా కనిపించింది. చాన్సలర్స్‌విల్‌లో అలాంటి ఎత్తును వదులుకోమంటే వదిలాక శత్రువులు అక్కడికే ఫిరంగులు తెచ్చి తన వాళ్ళను చితక్కొట్టిన అనుభవం ఆయనకుంది. భయం అర్థమయ్యేదే. కానీ పదివేల మందిని సొంత నిర్ణయంతో సుమారు కిలోమీటరు ముందుకు నడిపించి, పక్కనున్న హాన్‌కాక్‌కు కూడా చెప్పకుండా, లిటిల్ రౌండ్ టాప్‌ను ఖాళీగా వదిలేశాడు. మీడ్ వచ్చి చూసేసరికి లాంగ్‌స్ట్రీట్ ఫిరంగులు మొదలయ్యాయి. వెనక్కి తెచ్చే సమయం దాటిపోయింది. మూడో కోర్ నాలుగు వేల మందికి పైగా కోల్పోయింది, సికిల్స్ కాలు పోయింది.

అదే గంటలో, అదే చోట, చొరవ అంటే ఏమిటో చూపినవారూ ఉన్నారు. మీడ్ ప్రధాన ఇంజనీరు జి.కె. వారెన్ కొండెక్కి అది ఖాళీగా ఉందని చూసి సాయానికి మనుషులను పంపాడు. అయిదో కోర్ అధిపతి సైక్స్ ఒప్పుకుని డివిజన్ అధిపతి బార్న్స్ కోసం దూతను పంపాడు. దారిలో బ్రిగేడ్ అధిపతి కల్నల్ స్ట్రాంగ్ విన్సెంట్ ఆ దూతను ఆపి ఆజ్ఞ ఏమిటో అడిగాడు. బార్న్స్ కనపడే దాకా ఆగితే కొండ పోతుందని గ్రహించి, బాధ్యత తనదేనని చెప్పి నాలుగు రెజిమెంట్లను కొండ మీదికి నడిపాడు. ఎడమ కొసన ఇరవయ్యో మెయిన్. దాని కల్నల్ జాషువా చాంబర్లేన్ అంతకుముందు కాలేజీలో ప్రొఫెసర్. తూటాలు అయిపోవస్తుంటే బాయ్‌నెట్లతో కిందికి దూకించాడు. విన్సెంట్ ఆ కొండ మీదే గాయపడి జూలై 7న చనిపోయాడు. వయసు 26.

సికిల్స్, విన్సెంట్ ఇద్దరూ ఆజ్ఞ లేకుండానే కదిలారు. విన్సెంట్ పై అధికారి ఉద్దేశాన్ని నెరవేర్చడానికి కదిలాడు. సికిల్స్ దాన్ని పక్కకు నెట్టి కదిలాడు. తేడా అంతా ఇక్కడే ఉంది.

పన్నెండో కోర్‌కు ఇద్దరు అధిపతులు ఎందుకు కనిపిస్తారు?

కుడి పక్షమంతా తన చేతిలోనే ఉందని స్లోకమ్ అనుకుంటూనే ఉండటం వల్ల. ఆయన పక్షాధిపతి అయితే కోర్‌ను ఆల్ఫియస్ విలియమ్స్ నడపాలి, విలియమ్స్ డివిజన్‌ను రూజర్ నడపాలి. మీడ్ ఆ ఏర్పాటును అలాగే కొనసాగించాలనుకున్నట్టు కనిపించదు. జూలై 2 సాయంత్రం ఎడమ వైపు సాయానికి ఆ కోర్‌లో ఎక్కువ భాగాన్ని తరలించేశాక కల్ప్స్ కొండ మీద జార్జి గ్రీన్ బ్రిగేడ్ ఒక్కటే, సుమారు 1,400 మంది, మిగిలింది. మట్టికట్టలు ముందే కట్టించి ఉంచిన ఆ పెద్దాయన కాన్ఫెడరేట్ల జాన్సన్ డివిజన్‌ను రాత్రి దాకా ఆపాడు.

జూలై 2 రాత్రి మీడ్ ఓటింగ్ పెట్టడం బలహీనత కాదా?

కాదనే నా అభిప్రాయం. లీస్టర్ ఇంటి చిన్న గదిలో కోర్ అధిపతులు కూడారు. బటర్‌ఫీల్డ్ మూడు ప్రశ్నలు రాశాడు: ఉండాలా వెళ్ళాలా, ఉంటే దాడి చేయాలా ఆగాలా, ఆగితే ఎంతసేపు. ఉండి, ఎదుటివారి దాడి కోసం వేచి ఉండాలన్నదే అందరి మాట. కొత్త సేనాధిపతి తన సైన్యంలో ఎంత సత్తా మిగిలిందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి ఏముంది?

ఆ నిర్ణయం వెనక జార్జి షార్ప్ నడిపే సమాచార విభాగం కృషి కూడా ఉంది. పట్టుబడిన ప్రతి ఖైదీని నీది ఏ రెజిమెంట్ అని అడిగి, దాన్నిబట్టి బ్రిగేడ్, డివిజన్ తేల్చారు. లీ పదాతిదళంలో పికెట్ డివిజన్ నుంచి తప్ప అన్ని డివిజన్ల నుంచీ ఖైదీలు దొరికారు. అంటే లీ చేతిలో తాజాగా మిగిలింది అదొక్కటే.

ఫిరంగులు ఎవరి అధీనంలో ఉండేవి?

ఈ యుద్ధంలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే సంస్కరణ ఎలా ఫలించిందో, ఎక్కడ అసంపూర్ణంగా మిగిలిందో రెండూ ఇక్కడే కనిపిస్తాయి.

మూల ప్రమాణం బ్యాటరీ: యూనియన్‌లో సాధారణంగా ఆరు ఫిరంగులు, కాన్ఫెడరేట్లలో నాలుగు. చాన్సలర్స్‌విల్ వరకు యూనియన్ బ్యాటరీలు డివిజన్లకు విడివిడిగా అంటిపెట్టుకుని ఉండేవి. ఫిరంగుల ప్రధానాధికారి హెన్రీ హంట్‌కు హుకర్ కాగితాల పని మాత్రమే వదిలాడు. యుద్ధం మధ్యలో ఎక్కడ ఎన్ని ఫిరంగులున్నాయో చెప్పేవాడే లేకపోయాడు. ఆ దెబ్బ తర్వాత ప్రతి కోర్‌కు ఒక ఫిరంగి బ్రిగేడ్, మొత్తం సైన్యానికి రాబర్ట్ టైలర్ కింద ఒక పెద్ద రిజర్వు ఏర్పడ్డాయి. ఎక్కడ గండి పడితే అక్కడికి హంట్ రిజర్వు నుంచి బ్యాటరీలు పంపగలిగాడు. జూలై 2న పీచ్ తోట కూలాక వరసను పట్టి నిలిపినవి అవే. అనుమతించిన పరిమితికి మించి ఫిరంగికి ఇరవై చొప్పున అదనపు గుండ్లు మోసే బండ్లను కూడా హంట్ ముందుచూపుతో సిద్ధం చేసి ఉంచాడు.

పదోన్నతుల విషయంలో మాత్రం ఈ శాఖకు తీరని అన్యాయం జరిగింది. రెండో కోర్‌లో 28 ఫిరంగులను నడిపిన జాన్ హజార్డ్ హోదా కెప్టెన్. పదాతి దళంలో కెప్టెన్ అంటే ఒక్క కంపెనీ.

జూలై 3 మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సుమారు 150 కాన్ఫెడరేట్ ఫిరంగులు గర్జించాయి. గుండ్లు దాచుకోండి, పదాతి దళం వచ్చినప్పుడు కావాలి అని హంట్ బ్యాటరీలకు చెప్పాడు. మన ఫిరంగులు మూగబోతే సిపాయిల గుండె జారుతుంది, కాల్చండి అని హాన్‌కాక్ తన కోర్ బ్యాటరీలను ఆదేశించాడు. కోర్ అధిపతి మాటా, ఫిరంగుల ప్రధానాధికారి మాటా? నియమాలు తేల్చి చెప్పలేదు. హజార్డ్ బ్యాటరీలు హాన్‌కాక్ మాట విని దూరపు గుండ్లు దాదాపు ఖర్చు చేశాయి. పక్కన మెక్‌గిల్వరీ ఫిరంగుల వరస హంట్ మాట నిలబెట్టింది. దాడి వచ్చినప్పుడు పక్క నుంచి దాన్ని చీల్చింది ఆ దాచిన గుండ్లే. ఆ ఇద్దరు జనరల్స్ మధ్య వాదన యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళ దాకా సాగింది. హంట్ వైపే నా ఓటు.

పికెట్ దాడిని నడిపింది పికెట్ కాదా?

జూలై 3 మధ్యాహ్నం ఆ ఫిరంగుల మోత తర్వాత సిమెట్రీ గట్టు మీదికి సాగిన కాన్ఫెడరేట్ల దాడికే ఆ పేరు. అందులో పాల్గొన్న సుమారు 12,500 మందిలో పికెట్ మనుషులు సగం కూడా లేరు. మిగతావారు హిల్ కోర్‌కు చెందినవారు, కానీ దాడి బాధ్యత లాంగ్‌స్ట్రీట్‌ది. ఆయనకు ఆ దాడి మీద నమ్మకమే లేదు. బయలుదేరమన్న ఆజ్ఞను నోటితో చెప్పలేక తల ఊపాడు. హెత్ మొదటి రోజు గాయపడ్డాడు కాబట్టి ఆయన డివిజన్‌ను పెట్టిగ్రూ నడిపాడు. హిల్ కోర్‌లోని మరో డివిజన్ అధిపతి పెండర్ రెండో రోజు ప్రాణాంతకంగా గాయపడ్డాడు కాబట్టి ఆయన రెండు బ్రిగేడ్లను, అప్పటిదాకా ఆ సిపాయిలు ఎరగని ట్రింబుల్‌కు అదే రోజు అప్పగించారు. వెనక సాయంగా ఎవరు కదలాలో, ఎవరు కదిలించాలో స్పష్టత లేదు. పదాతితో పాటు ముందుకు పంపాలని లాంగ్‌స్ట్రీట్ ఫిరంగుల అధికారి అలెగ్జాండర్ దాచి ఉంచిన తేలిక ఫిరంగులను, లీ ఫిరంగుల ప్రధానాధికారి పెండిల్టన్ ఆయనకు చెప్పకుండానే అక్కడి నుంచి కదిలించాడు. అదే ఉదయం యూవెల్ చేయాల్సిన దాడి కల్ప్స్ కొండ దగ్గర ముందే మొదలై, పికెట్ కదలకముందే ముగిసిపోయింది.

పికెట్ ముగ్గురు బ్రిగేడ్ అధిపతుల్లో గార్నెట్ చనిపోయాడు, ఆర్మిస్టెడ్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు, కెంపర్ తీవ్రంగా గాయపడ్డాడు. బయలుదేరినవారిలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ సిపాయిల సాహసానికి లోటు లేదు. వారిని పంపిన ఏర్పాటులోనే లోటంతా.

అశ్వికదళం సంగతి?

ప్లెజంటన్ కింద మూడు యూనియన్ డివిజన్లు: బ్యూఫోర్డ్, గ్రెగ్, కిల్‌పాట్రిక్. లీ అశ్వికదళంలో ముఖ్య భాగంతో స్టూవర్ట్, విచక్షణకు వదిలిన మరో ఆజ్ఞ పట్టుకుని, యూనియన్ సైన్యాన్ని చుట్టి వెళ్ళి జూలై 2 మధ్యాహ్నానికి గానీ లీని చేరలేదు. శత్రువు ఎక్కడున్నాడో లీకి తెలిపింది లాంగ్‌స్ట్రీట్ గూఢచారి.

నల్లజాతి సైనికులు ఉన్నారా?

గెటిస్‌బర్గ్‌లో ఏ నల్లజాతి రెజిమెంటూ పోరాడలేదు. వారిని చేర్చుకునే ప్రత్యేక విభాగాన్ని యుద్ధ శాఖ 1863 మే 22న ఏర్పాటు చేసింది. యాభై నాలుగో మసాచుసెట్స్ రెజిమెంట్ ఫోర్ట్ వాగ్నర్ మీద దాడి చేసింది జూలై 18న. కానీ లీ సైన్యం వెంట బండ్లు తోలుతూ, వంట చేస్తూ, గుర్రాలు చూస్తూ వేలాది బానిసలు ఉన్నారు. సైన్యపు సంఖ్యల్లో వారు లేరు. పెన్సిల్వేనియాలో ఆ సైన్యం నల్లజాతి వారిని, స్వేచ్ఛగా పుట్టినవారిని సైతం, పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. ఆ సైన్యం ఎలా నడిచిందో చెప్పేటప్పుడు ఈ మాట వదిలేయడం చరిత్రకు ద్రోహం.

గాయపడినవారిని ఎవరు చూసుకునేవారు?

పోటోమాక్ సైన్యపు వైద్యాధిపతి జోనాథన్ లెటర్‌మన్ అంబులెన్సులను సరఫరా శాఖ నుంచి విడదీసి, శిక్షణ ఉన్న మనుషులతో ప్రత్యేక దళంగా మార్చాడు. డివిజన్‌కు ఒక క్షేత్ర ఆస్పత్రి. యుద్ధం తర్వాత ఇరుపక్షాల క్షతగాత్రులు ఇరవై వేలకు పైగా ఆ ఊరి చుట్టుపక్కల మిగిలిపోయారు. వారికోసం గుడారాలతో కట్టిన పెద్ద ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు.

అక్కడికి వెళ్తే ఇదంతా గుర్తుపట్టగలమా?

పట్టగలం. వాషింగ్టన్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు. మేరీలాండ్, వర్జీనియాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు. బ్రిగేడ్ ఫలకాలున్న దిమ్మె చతురస్రంగా ఉంటే అది యూనియన్‌ది, గుండ్రంగా ఉంటే కాన్ఫెడరేట్‌ది. నిలువుగా పాతిన ఫిరంగి గొట్టం కనిపిస్తే అక్కడ సేనాధిపతి లేదా కోర్ అధిపతి మకాం ఉన్నట్టు.

యూనియన్ స్మారకాల మీద కోర్ గుర్తులు చెక్కి ఉంటాయి. 1863 వసంతంలో హుకర్ వీటిని సైన్యమంతటా అమలు చేశాడు: ఒకటో కోర్‌కు వృత్తం, రెండోదానికి మూడాకుల గుర్తు, మూడోదానికి డైమండ్, అయిదోదానికి మాల్టా శిలువ, ఆరోదానికి గ్రీకు శిలువ, పదకొండోదానికి నెలవంక, పన్నెండోదానికి నక్షత్రం. టోపీ మీది గుర్తు ఎరుపైతే మొదటి డివిజన్, తెలుపైతే రెండోది, నీలమైతే మూడోది. మొదట, తొలి రోజు పోరు జరిగిన మెక్‌ఫర్సన్ గట్టుకు వెళ్ళి తేదీల వరసలో తిరగండి, మూడు రోజులకూ విడివిడి పటాలు దగ్గర ఉంచుకోండి. చాలా రెజిమెంట్లు రోజుకో చోట పోరాడాయి కాబట్టి ఒకే రెజిమెంట్‌కు రెండు చోట్ల రాళ్ళు కనిపించవచ్చు.